కొడవలి కణానికి ఒక ఆట

చోడవరంలో ఒక ప్రభుత్వ హైస్కూల్లో నేను జీవశాస్త్రం చెబుతాను. పదో తరగతికి ఏ పాఠమైనా ధైర్యంగా మొదలుపెడతాను కానీ, గుండె పాఠం దగ్గరకు వచ్చేసరికి ప్రతి ఏడాదీ నాకు అనుమానమే. బోర్డు మీద గుండె గీసి, నాలుగు గదులు చేసి, ఒక పక్క నీలం సుద్దముక్కతో, ఇంకో పక్క ఎర్ర సుద్దముక్కతో బాణాలు వేసేదాన్ని. పిల్లలు ఆ బొమ్మను నాకంటే అందంగా దించేవారు. కర్ణిక, జఠరిక, కవాటం అంటూ కంఠతా పట్టేవారు. పరీక్షల్లో మార్కులూ వచ్చేవి. కానీ వరండాలో ఎదురైన పిల్లాణ్ణి ఆపి, ఊపిరితిత్తుల నుంచి వచ్చిన రక్తం ముందు ఏ గదిలోకి వెళ్తుందిరా అని అడిగితే మాత్రం వాడు పైకప్పుకేసి చూసేవాడు.

ఒకసారి ఒక అబ్బాయి లేచి, "ఏటి టీచర్, కుడి గది అంటన్నారు, బొమ్మలో ఎడం పక్కన గీసేరు" అన్నాడు. ఎదురుగా నిలబడిన మనిషి గుండె అనుకోవాలి అని చెప్పాను. వాడు పక్కవాణ్ణి లేపి ఎదురుగా నిలబెట్టి, వాడి ఛాతీ మీద చెయ్యి పెట్టి, కాసేపు ఆలోచించి కూర్చున్నాడు. అర్థమైందని కాదు, నన్ను ఇబ్బంది పెట్టడం ఇష్టం లేక.

మరుసటి వారం మటన్ కొట్లో చెప్పి మేక గుండె తెచ్చాను. కోసి చూపించాను. పిల్లలు వేళ్లు పెట్టి కవాటాలు తడిమారు. ఆ రోజు క్లాసు బాగా జరిగిందని నేను సంబరపడ్డాను కూడా. కానీ ఆ గుండె కదలదు కదా. అందులో రక్తం లేదు. ఏది ఎటు పోతుందో అది చెప్పలేదు.

ఆ తర్వాత మా స్కూలుకు వేలితో తాకితే పనిచేసే పెద్ద తెర వచ్చింది. గోడకు బిగించి వెళ్లారు. నేను వీడియోలు వెతికి పెట్టాను. మంచి వీడియోలే. రంగులు, సంగీతం అన్నీ ఉన్నాయి. పిల్లలు మొదటి రోజు నోళ్లు తెరుచుకుని చూశారు, మూడో రోజుకు వెనక బెంచీల్లో తలలు వాలిపోయాయి. మధ్యాహ్న భోజనం తర్వాత పీరియడ్ మరి.

అదే రోజు సాయంత్రం బస్టాండులో నిలబడ్డాను. మాడుగుల బస్సు కోసం ఎదురుచూస్తూ మా క్లాసు పిల్లలే ముగ్గురు ఒక ఫోను చుట్టూ మూగి ఏదో ఆట ఆడుతున్నారు. బస్సు వచ్చింది, సీట్లు నిండాయి, వాళ్లు తలెత్తలేదు. వెనక బెంచీలో నిద్రపోయినవాడు ఆ ముగ్గురిలో ఒకడు. ఒళ్లంతా కళ్లు చేసుకుని చూస్తున్నాడు. నాకు వాడి మీద కోపం రాలేదు. మా గుండె పాఠం మీద జాలేసింది.

మా తమ్ముడు విశాఖలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తాడు. మా పుట్టిల్లు బుచ్చెయ్యపేట దగ్గర పల్లె. మా అమ్మానాన్నలు చెరుకు వేసేవారు. చదువుకున్న తర్వాత వాడు విశాఖలో స్థిరపడ్డాడు, నేను చోడవరంలో ఉండిపోయాను. ఆ ఆదివారం చర్చి నుంచి రాగానే వాడికి ఫోన్ చేసి, గుండె మీద ఒక ఆట చేసిపెట్టమన్నాను. వాడు నవ్వలేదు. అదొక్కటే వాడి మంచి గుణం, నేను ఏం చెప్పినా నవ్వడు.

"అప్పా," మా వైపు అక్కను అలాగే పిలుస్తారు, "నాను సేసి ఇత్తే ఒకసారికి పనికొస్తాది. పిల్లలు ఇది మార్సండి అంటే మళ్లీ నాకు ఫోన్ సేస్తావు. నువ్వే నేర్సుకో" అన్నాడు.

"నాకేటి వస్తాదిరా" అన్నాను.

"బియ్యెస్సీ సదివేవు, బియ్యీడీ సదివేవు. ఇదెందుకు రాదు?"

అలా మొదలైంది. ప్రోగ్రాము రాయడం అంటే అక్షరాలతో రాయక్కర్లేకుండా, రంగు రంగు ముక్కల్ని ఒకదానికొకటి అతికించి చేసే పద్ధతి ఒకటి ఉందని వాడు చూపించాడు. ఒక ముక్క మీద 'ముందుకు జరుగు' అని, ఇంకోదాని మీద 'గోడ తగిలితే ఆగు' అని ఉంటుంది. ఆదివారాలు చర్చి అయ్యాక మధ్యాహ్నం వాడు అక్కడ, నేను ఇక్కడ, వీడియో కాల్‌లో కూర్చునేవాళ్లం. మొదట్లో ఒక ముక్క పెట్టబోయి ఇంకోటి పెట్టేదాన్ని, తెర మీద ఉన్నదంతా మాయమైపోయేది. వాడు ఓపిగ్గా మళ్లీ మొదలుపెట్టించేవాడు. చిన్నప్పుడు వాడికి ఎక్కాలు నేర్పించింది నేనే. ఇప్పుడు వాడి గొంతులో నా గొంతే వినిపించేది.

మొదటిసారి ఒక ఎర్ర చుక్క నా వేలి వెంట కదిలిన రోజు మా వారిని దుకాణం నుంచి పిలిపించి చూపించాను. ఆయనకు కరెంటు సామాన్ల కొట్టుంది. ఆయన చేతిలో టెస్టరుతో అలాగే వచ్చి చూసి, "సుక్క కదులుతంది. అంతేనా?" అన్నారు. అంతే. కానీ ఆ చుక్క ఎవరో కదిపితే కదిలింది కాదు, నేను కదలమంటే కదిలింది. నా జీవితంలో నేను చెప్పిన మాట అంత వెంటనే విన్నది ఇంకేదీ లేదు.

మొదటి ఆట తయారైంది. గుండెలో ఒక్కో గది ముందు ఒక ప్రశ్న, నాలుగు జవాబులు. సరైనది నొక్కితే తలుపు తెరుచుకుంటుంది. గర్వంగా క్లాసుకు తీసుకెళ్లాను. పిల్లలు రెండు నిమిషాల్లో కనిపెట్టేశారు, ప్రశ్న చదవక్కర్లేదని. నాలుగూ వరసగా నొక్కుతూ పోతే ఏదో ఒకటి తెరుచుకుంటుంది. అందరూ టపటపా నొక్కేసి, "అయిపోనాది టీచర్" అన్నారు.

బస్టాండులో చూసిన ఆ వెనక బెంచీ అబ్బాయిని అడిగాను, ఎలా ఉందిరా అని. వాడు మొహమాటపడ్డాడు. చెప్పరా అంటే, "ఇది ఆట కాదు టీచర్. బిట్ పేపరుకి రంగులేసేరు" అన్నాడు.

నేను చాలా ఏళ్లుగా ఉద్యోగం చేస్తున్నాను. ఇన్‌స్పెక్షన్‌కు వచ్చిన అధికారులు కూడా నా పాఠాన్ని అంత సూటిగా అంచనా వేయలేదు. ఇంటికెళ్లి మొత్తం తీసేశాను. ప్రశ్నల్లేవు, జవాబుల్లేవు. ఆడేవాళ్లే ఎర్ర రక్తకణం. కాలి పిక్క దగ్గర ఆక్సిజన్ ఇచ్చేసి ఖాళీ చేతులతో బయలుదేరాలి. కుడి కర్ణికలోకి రావాలి. తలుపు ఒకవైపే తెరుచుకుంటుంది, దాటాక వెనక్కి పోలేరు. గుండె ముడుచుకునే సమయానికి తలుపు దగ్గర ఉంటేనే ముందుకు నెడుతుంది, లేకపోతే మళ్లీ దెబ్బ పడేదాకా ఆగాలి. ఊపిరితిత్తులకు వెళ్లి ఆక్సిజన్ తీసుకోవాలి, ఎడమ పక్కగా గుండెలోకి తిరిగి రావాలి, పెద్ద ధమనిలో పడి పిక్కకు చేరాలి. ఈలోగా ఆ పిక్క పరుగు పందెంలో ఉంటుంది. ఆలస్యమైతే పరుగెత్తేవాడు కూలబడతాడు.

గుండె చప్పుడు కోసం మా చర్చిలో డోలక్ వాయించే ఆయన్ను బతిమాలాను. ఆరాధన అయ్యాక, కుర్చీలు సర్దుతుండగా, ఫోను దగ్గర పెట్టుకుని లబ్, డబ్ అని రెండు దెబ్బలు కొట్టించాను. ఎందుకమ్మా అంటే, మా పిల్లల గుండెకండీ అన్నాను. ఆయన కంగారుపడి, ఏ పిల్లకి ఏమైందని అడిగారు. తర్వాత అర్థం చేసుకుని, పరుగెత్తేటప్పుడు ఈ వేగం చాలదని తనే ఇంకో రకంగా వాయించి ఇచ్చారు.

ఈసారి క్లాసులో ఆట పెట్టినప్పుడు వరస కట్టడానికి కొట్టుకున్నారు. వెనక బెంచీ అబ్బాయి తలుపు దగ్గర ఆగిపోయి, వెనక్కి లాగుతూ, "ఎనక్కి ఎల్లదేటి టీచర్" అన్నాడు. నేను జవాబు చెప్పేలోపే ముందు వరసలోంచి ఎవరో, "కవాటంరా, ఎనక్కెలా ఎల్తాది" అని అరిచారు. అన్నేళ్లలో కవాటం అనే మాటను పరీక్ష కోసం కాకుండా ఒక పిల్ల నోటి నుంచి వినడం అదే మొదలు. అప్పుడు కిటికీ దగ్గరకెళ్లి నిలబడ్డాను, నా మొహం వాళ్లు చూడకూడదని.

మూడో బెంచీలో ఒక అమ్మాయి ఉండేది. మాడుగుల దాటి కొండ మీద ఊరు వాళ్లది. ఇక్కడ హాస్టల్లో ఉండి చదివేది. నెలలో కొన్ని రోజులు స్కూలుకు రాదు. చలికాలంలో ఇంకా ఎక్కువ మానేసేది. ఆమెకు సికిల్ సెల్ జబ్బు ఉందని, రక్తకణాలు కొడవలిలా వంగిపోతాయని, అప్పుడు కాళ్లూ చేతులూ భరించలేని నొప్పి చేస్తాయని హాస్టల్ వార్డెన్ మా టీచర్లకు చెప్పి ఉంచారు. పిల్లలకు తెలియదు. పరీక్షలప్పుడే నొప్పులొస్తాయని వెనకాల అనుకునేవారు.

ఆమె ఆట ఆడింది. ఒక్కసారి కూడా ఆగకుండా పిక్క దాకా వెళ్లింది. పిల్లలు చప్పట్లు కొట్టారు. బెల్లు కొట్టాక అందరూ వెళ్లిపోయినా ఆమె తెర దగ్గరే నిలబడింది.

"టీచర్, ఈ కణం బాగుందండి. కానీ ఇది నాది కాదండి" అంది.

నేను ఆమె వైపు తిరిగాను.

"నా కణం ఇంత గుండ్రంగా ఉండదండి. ఆక్సిజన్ ఇచ్చేసినాక వంగిపోతాది. డాట్రుగారు సెప్పేరు. మరి దాన్నెందుకు పెట్టలేదండి?"

పెట్టొచ్చు, నాకా ఆలోచన రాలేదు అన్నాను. కానీ పెడితే నీ సంగతి అందరికీ తెలుస్తుంది, అది నీకు ఇష్టమేనా అని అడిగాను. ఆమె పుస్తకాల సంచీ పట్టీ సర్దుకుంటూ చెప్పింది.

"ఇప్పుడు తెల్దేటండి? దొంగ నొప్పులని తెలుసు. ఆ తెలిసిందాని కంటే ఇది మేలు కదండి."

అయినా నేను తొందరపడలేదు. వాళ్లమ్మ హాస్టల్‌కు చూడ్డానికి వచ్చిన రోజు వార్డెన్ గదిలో కూర్చుని మాట్లాడాను. ఆవిడ ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. అంతా విని, దీనివల్ల పిల్ల పెళ్లికి ఇబ్బంది వస్తుందా అని కాదు, ఇది తెలిశాక మిగిలిన పిల్లలు మా పిల్లతో ఆడతారా అని అడిగారు. వాళ్లు ఆడబోయేది మీ అమ్మాయి చేసే ఆటే కదమ్మా అన్నాను. ఆవిడ కూతురి వైపు చూసి తలూపారు.

ఆ తర్వాత కొన్ని వారాలు ఆ అమ్మాయీ నేనూ కలిసి పనిచేశాం. స్కూలు వదిలాక హాస్టల్ బెల్లు కొట్టేదాకా ఆ తెర ముందే ఉండేవాళ్లం. ముక్కలు అతికించడం నా పని, ఏం జరగాలో చెప్పడం ఆమె పని. కొద్ది రోజులకే ఆమె కూడా అతికించడం నేర్చుకుంది, అప్పుడు నాకంటే త్వరగా చేసేది.

కణం పిక్కలో ఆక్సిజన్ ఇచ్చేవరకూ గుండ్రంగానే ఉంటుంది. ఇచ్చేశాక వంగుతుంది. సన్నటి కేశనాళికలో అడ్డం పడుతుంది. దాని వెనక ఇంకోటి, దాని వెనక ఇంకోటి. అవతల పిక్క రంగు మారుతుంది. అప్పుడు తెర ఎలా ఉండాలి అని అడిగాను. ఎర్రగా చేద్దామా?

"ఎరుపు కాదండి. నొప్పి వచ్చినప్పుడు నాకేటీ కనబడదండి. అన్నీ దూరం ఎల్లిపోతాయి" అంది. అందుకని తెర అంచుల నుంచి మసకబారుతూ వచ్చేలా చేశాం. గుండె చప్పుడు మాత్రం మసకబారదు, పెరుగుతుంది. అది కూడా ఆమె చెప్పిందే.

మా తమ్ముడితో ఒక వాదం వచ్చింది. ఆట అంటే గెలుపు ఉండాలి, చివరికి కణం గుండ్రంగా మారిపోయేలా చెయ్యి అప్పా, లేకపోతే పిల్లలు రెండోసారి ఆడరు అన్నాడు. వాడు చెప్పింది న్యాయమే అనిపించింది. ఆ అమ్మాయిని అడిగాను. ఫోను ఇటివ్వండని తీసుకుని వాడితోనే చెప్పింది.

"అలగ అవ్వదండి సార్. నాకు అలగ అవ్వలేదు కదండి. గెలవడం అంటే జబ్బు పోవడం కాదండి. మర్నాడు స్కూలుకి రావడం."

తర్వాత వాడు, సరేనమ్మా, అయితే ఆఖర్న స్కూలు గేటు పెట్టండి అన్నాడు. అలాగే పెట్టాం. ఆడేవాళ్లు ఆ కణాలున్న పిల్లను రోజంతా చూసుకోవాలి. నీళ్లు తాగించాలి, చలిగాలి తగలకుండా కప్పాలి, పరుగెత్తేటప్పుడు మధ్యలో ఆపి విశ్రాంతి ఇవ్వాలి, మాత్ర మరిచిపోకూడదు. అన్నీ సరిగ్గా చేస్తే కణాలు దారిలో తక్కువగా చిక్కుకుంటాయి, పొద్దున్నే గేటు తెరుచుకుంటుంది.

పిల్లల చేతికి ఇచ్చేముందు ఆటను ఒక ట్యాబులో వేసి, ఊళ్లో ప్రభుత్వాసుపత్రి డాక్టరమ్మకు చూపించాం. రోగులు తగ్గాక రమ్మన్నారు. ఆవిడ కుర్చీ దగ్గరకు జరుపుకుని పూర్తిగా ఆడారు. ఒక చోట ఆపి, నీళ్లు తాగితే నొప్పి వెంటనే పోతున్నట్టు చూపిస్తున్నారు, అది తప్పు, నీళ్లు ముందు నుంచీ తాగుతుండాలి, అవి మందు కాదు అన్నారు. జ్వరం వచ్చినా, గుండెల్లో నొప్పి వచ్చినా ఇంట్లో ఉండకూడదు, ఆసుపత్రికి వెళ్లే దారి ఆటలో ఉండి తీరాలి అన్నారు. అప్పటికప్పుడు ఆవిడ బల్ల మీదే మార్చుకున్నాం. వెళ్లేటప్పుడు డాక్టరమ్మ ఆ అమ్మాయి భుజం మీద చెయ్యి వేసి, ఇది చేసింది నువ్వా అని అడిగారు. "సగమండి" అంది తను.

క్లాసులో పెట్టే రోజు ఆమె నా పక్కన నిలబడింది. ఇదేం కణమో తనే చెప్పింది. ఎక్కువ చెప్పలేదు. "ఇది నా రక్తం. ఆడండి" అంది.

ముందుగా వచ్చినవాడు వెనక బెంచీ అబ్బాయి. మామూలు ఆటలో వాడిదే అందరికంటే వేగం. అదే వేగంతో కణాన్ని పరుగెత్తించాడు. నాళికలో ఇరుక్కుంది. తెర మసకబారింది, డోలక్ దెబ్బలు పెరిగాయి. వాడు వేలితో లాగాడు, కదల్లేదు. మళ్లీ మొదలుపెట్టాడు, మళ్లీ ఇరుక్కుంది. వాడు తెర మీంచి చెయ్యి తీసి ఆమె వైపు తిరిగాడు.

"ఇలగ ఎంతసేపుంతాది?" అని అడిగాడు.

"ఒక్కోసారి మూడు రోజులు" అంది.

వాడు మళ్లీ తెర వైపు తిరిగి, ఈసారి నెమ్మదిగా, ముందు నీళ్లు పట్టించి, దుప్పటి కప్పి, మెట్టు మెట్టుకీ ఆగుతూ ఆడాడు. గేటు తెరుచుకున్నప్పుడు ఎవరూ చప్పట్లు కొట్టలేదు కానీ, క్లాసంతా ఒక్కసారి ఊపిరి వదిలిన చప్పుడు నేను విన్నాను.

పిల్లలు రాత్రికి రాత్రి దేవతలైపోయారని చెప్పను. కొందరు రెండు రోజులు జాలిగా చూసి ఆమెకు చిరాకు తెప్పించారు. ఒక పిల్ల అయితే ఆమె పక్కన కూర్చుంటే అంటుకుంటుందేమోనని జరిగి కూర్చుంది. ఇది అంటుకునేది కాదు, అమ్మానాన్నల నుంచి వచ్చేది అని మళ్లీ ఒక పీరియడ్ చెప్పాల్సి వచ్చింది. అదీ మంచికే. వంశపారంపర్యం పాఠం పుస్తకంలో ఇంకా చాలా దూరంలో ఉంది, మేం ముందే వెళ్లిపోయాం. అయితే దొంగ నొప్పులు అన్న మాట మాత్రం ఆ రోజు తర్వాత నా చెవిన పడలేదు. ఆటల పీరియడ్‌లో ఆమె కూర్చుండిపోతే ఎవరూ ఎందుకని అడగలేదు. స్కోరు చెప్పే పని ఆమెకు ఇచ్చారు.

జిల్లా స్థాయి సైన్స్ ఫెయిర్‌కు ఆ ఆటను తీసుకెళ్లాం. మా బల్ల పక్కనే ఒక స్కూలు వాళ్లు తనంతట తాను తిరిగే చెత్త బండి పెట్టారు. జనమంతా దాని దగ్గరే. మధ్యాహ్నం ముగ్గురు న్యాయనిర్ణేతలు మా దగ్గరకు వచ్చారు. వాళ్లలో పెద్దాయన, ప్రోగ్రాము ఎవరు రాశారు, డౌన్‌లోడ్ చేశారా అని అడిగారు. నేను నోరు తెరవబోయాను. ఆ అమ్మాయి ముందుకు వచ్చింది.

"ఆట టీచరుగారూ నానూ సేసేమండి. నొప్పి నాదండి" అంది.

తర్వాత తడబడకుండా మొత్తం వివరించింది. హిమోగ్లోబిన్‌లో తేడా ఎక్కడ, కణం ఎప్పుడు వంగుతుంది, మామూలు కణం ఎన్నాళ్లు బతుకుతుంది, తనది ఎందుకు తొందరగా చచ్చిపోతుంది, అందుకే రక్తం ఎందుకు తక్కువ. క్లాసులో జవాబు చెప్పమంటే గోరు కొరుక్కునే పిల్ల. నేను వెనక నిలబడి విన్నాను. నేను చెప్పిన పాఠం కొంత అందులో ఉంది. కానీ ఆ మాట, ఆ నిలబడడం నేను నేర్పినవి కావు.

మొదటి బహుమతి చెత్త బండికి వచ్చింది. మాకు ప్రశంసాపత్రం ఇచ్చారు. నాకు ఉక్రోషం వచ్చిన మాట నిజం. తిరుగు ప్రయాణంలో బస్సులో మూతి ముడుచుకుని కూర్చున్నాను. ఆమె మాత్రం కిటికీలోంచి చూస్తూ, చెత్త బండి బాగుందండి టీచర్, కానీ మెట్లు ఎక్కలేదు చూసేరా అంది. ఇద్దరం నవ్వుకున్నాం.

అసలైన ఫలితం తర్వాత వచ్చింది. ఆ అమ్మాయి వాళ్ల ఊళ్లో సికిల్ సెల్ పరీక్షల శిబిరం పెడుతున్నారని, కానీ జనం ముందుకు రావడం లేదని డాక్టరమ్మ చెప్పారు. కారణం ఆ అమ్మాయినే అడిగాం. ఇంతకుముందు ఎవరో వచ్చి రక్తం తీసుకుని వెళ్లారట. ఏం తేలిందో చెప్పడానికి మళ్లీ రాలేదట. మరి రక్తం ఎందుకివ్వాలి అంది. ఆ ప్రశ్న నాకు సబబుగానే అనిపించింది. ఫలితాలు ఎవరివి వాళ్ల చేతికిస్తామని డాక్టరమ్మ మాటిచ్చాక, ఆట తీసుకుని వెళ్దామా టీచర్ అని తనే అడిగింది.

సెలవు రోజున బయలుదేరాం. మా వారు కూడా వచ్చారు, ట్యాబు ఛార్జింగు అయిపోతే చూసుకోవడానికి ఏదో బ్యాటరీ పట్టుకుని. మాడుగులలో బస్సు దిగి, ఆరోగ్య సిబ్బంది జీపులో పైకి వెళ్లాం. బడి అరుగు మీద బల్ల వేశారు. నర్సమ్మ సూదులు, గాజు పలకలు సర్దుకుని కూర్చుంది. జనం దూరంగా నిలబడ్డారు.

ఆ అమ్మాయి వాళ్ల నాయనమ్మను తీసుకొచ్చి అరుగు మీద కూర్చోబెట్టింది. ట్యాబు ఒళ్లో పెట్టింది. వాళ్ల ఇంట్లో మాట్లాడే భాష వేరు, నాకు రాదు. ఆ భాషలోనే చెబుతూ, ముసలామె వేలు పట్టుకుని కణాన్ని కదిలించింది. కణం వంగింది, ఇరుక్కుంది, తెర మసకబారింది. ముసలామె వేలు అక్కడే ఆగిపోయింది. చాలాసేపు చూసి మనవరాలితో ఏదో అంది.

ఏమన్నారమ్మా అని అడిగాను.

"మా అయ్యకి తమ్ముడొకాయన ఉండేవోడంట టీచర్. సిన్నప్పుడే పోయేడంట. కాళ్లు పట్టుకుని ఏడ్సీవోడంట. గాలి సోకిందనుకున్నారంట. ఇదా అది, అని అడుగుతంది."

అయి ఉండొచ్చని, కచ్చితంగా చెప్పలేమని డాక్టరమ్మ ముందే నేర్పి పంపినట్టు ఆ అమ్మాయి చెప్పింది. ముసలామె లేచి, నర్సమ్మ దగ్గరకు వెళ్లి వేలు చాపింది. తర్వాత కోడలిని పిలిచింది. ఆ తర్వాత పిలవకుండానే వచ్చారు. పిల్లలు ఆట కోసం వరస కట్టారు, పెద్దలు పరీక్ష కోసం. రెండు వరసలూ ఒకదానిలో ఒకటి కలిసిపోయి, ఎవరు దేనికి నిలబడ్డారో తెలియకుండా పోయింది. మా వారు ట్యాబుకు బ్యాటరీ తగిలిస్తూ, "ఏటే, ఇదంతా ఆ సుక్కేనా?" అన్నారు మెల్లగా. ఆయన నన్ను పొగడడం అలాగే ఉంటుంది.

మాట ఇచ్చినట్టే ఫలితాలు ఊరికి చేరాయి. ఒక చంటి పిల్లాడికి జబ్బు ఉందని తేలింది. ఇంకా నొప్పులు మొదలవకముందే మందులు మొదలుపెట్టారు. ఆ పిల్లాడి తల్లి నెలనెలా కిందికి తీసుకొస్తోందని డాక్టరమ్మ చెప్పారు. వాణ్ణి నేను ఒక్కసారి చూశాను, ఆసుపత్రి వరండాలో, తల్లి చంకలో బిస్కట్ చప్పరిస్తూ. నన్ను చూసి మొహం తిప్పేసుకున్నాడు. వాడికి నేనెవరో తెలియనక్కర్లేదు.

ఇప్పుడు ఆ ఆట మా స్కూల్లోనే కాదు, రోలుగుంట వైపు, బుచ్చెయ్యపేట వైపు స్కూళ్లలో కూడా ఆడుతున్నారు. అడిగిన టీచర్లకు పంపిస్తుంటాను. ముక్కలు అతికించడం నేర్పమంటే మా తమ్ముడు నాకు చెప్పినట్టే చెబుతాను, మీకెందుకు రాదు అని. వాడు ఈమధ్య ఇంటికి వచ్చినప్పుడు మాడుగుల హల్వా తింటూ తన ఆఫీసులో వాళ్లకు ఆ ఆట చూపించానన్నాడు. ఏమన్నారని అడిగితే, ఎవరు చేశారని అడిగారు, మా అప్ప అన్నాను అన్నాడు. ఇంకో ముక్క హల్వా వేశాను.

ఆ అమ్మాయి పది పాసై విశాఖలో ల్యాబ్ టెక్నీషియన్ కోర్సులో చేరింది. నొప్పులు పోలేదు. వస్తాయి, తగ్గుతాయి, మళ్లీ కాలేజీకి వెళ్తుంది. మొన్న ఒక రోజు మధ్యాహ్నం నేను తొమ్మిదో తరగతి పేపర్లు దిద్దుతుంటే ఫోన్ చేసింది. గొంతులో తొందర వినిపించి కంగారుపడ్డాను.

"టీచర్, నా రక్తం నానే సూసేనండి. మైక్రోస్కోపులో. మా మేడమ్ పెట్టనిచ్చేరు."

ఎలా ఉందమ్మా అన్నాను.

"మనం ఆటలో తప్పు ఏసేమండి. అన్నీ వంగిపోయినట్టు ఏసేం కదా, అన్నీ వంగలేదండి. కొన్ని కొడవలిలాగే ఉన్నాయి గానీ, బోలెడు గుండ్రంగానే ఉన్నాయండి. మంచిగా, బొమ్మలో గీసినట్టు. అవి కూడా నావేనండి. మార్సాలి టీచర్."

పేపర్లు పక్కకు జరిపి కంప్యూటర్ తెరిచాను. ఎన్ని గుండ్రంగా ఉండాలో, ఎన్ని వంగాలో ఆమె ఫోనులో చెబుతుంటే నేను ముక్కలు మార్చుతూ కూర్చున్నాను. మధ్యలో ఒక ముక్క తప్పు పెట్టాను. "అది కాదండి, దాని కిందది" అంది. దాని కిందది పెట్టాను.